పలుగురాయిలో విద్యుత్తును పట్టిన పియరీ క్యూరీ

పియరీ క్యూరీ పేరు వినగానే రేడియం స్ఫురిస్తుంది గాని వంటింటి గ్యాస్ లైటరు స్ఫురించదు. ఆ లైటరును నొక్కినప్పుడు లేచే నిప్పురవ్వకు మూలమైన సత్యాన్ని రేడియం కంటె పద్దెనిమిదేళ్ల ముందే ఆయన కనుగొన్నారు.

1859 మే 15న పారిస్‌లో ఒక వైద్యుని ఇంట జన్మించిన పియరీ బాల్యంలో బడి ఎరుగరు. చదువు ఇంటనే సాగింది. 1880లో, ఇరవయ్యొకటో ఏట, అన్న జాక్‌తో కలసి పలుగురాయి, టూర్మలిన్ వంటి స్ఫటికాలను తగిన దిశలో పలకలుగా కోసి, ఇరువైపులా తగరపు రేకులు అమర్చి అదిమి చూశారు. ఒక ముఖాన ధనావేశం, రెండవ ముఖాన ఋణావేశం పుట్టాయి. ఒత్తిడికి బదులు లాగితే అవి తారుమారయ్యాయి. బలం ఎంత పెరిగితే ఆవేశమూ అంత పెరిగింది. విద్యుత్తు ప్రయోగిస్తే స్ఫటికం రూపు మారాలని 1881లో లిప్‌మన్ సిద్ధాంతరీత్యా ఊహించగా, ఆ సోదరులు అదే ఏట రుజువు చేశారు.

1883లో జాక్ మాంపెల్యేకు వెళ్లిపోయారు. పియరీ పారిస్‌లోని భౌతిక, రసాయన శాస్త్రాల పాఠశాలలో స్వల్ప జీతంతో మిగిలారు. అంతటి శాస్త్రజ్ఞునికి తగిన ప్రయోగశాల సమకూరకపోవడం ఫ్రాన్సుకు గౌరవం కాదు. 1895లో మేరీని వివాహమాడారు. యురేనియం కిరణాల వల్ల గాలిలో పారే అత్యల్ప విద్యుత్తును మేరీ కొలిచినది ఆ సోదరుల పలుగురాతి పరికరంతోనే. పలకకు బరువు వేలాడదీసి, అందులో పుట్టిన ఆవేశంతో ఆ విద్యుత్తును సరితూచేవారు. ఆ తూకమే లేకుంటే 1898లో రేడియం జాడ దొరకడం దుర్లభం.

1903లో నోబెల్ బహుమతి వచ్చింది. 1906 ఏప్రిల్ 19న, వాన కురుస్తుండగా, పారిస్ వీథిలో గుర్రపుబండి కిందపడి పియరీ మరణించారు. వయస్సు నలభై ఆరేళ్లు.

ఆయన శిష్యుడు లాంజెవిన్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పలుగుపలకలను కంపింపజేసి, నీటిలోని జలాంతర్గాములను ధ్వనితో వెదకే మార్గం చూపారు. 1940లలో బేరియం టైటానేట్ పింగాణీ వచ్చింది. పింగాణీలోని రేణువుల ధ్రువాలు తలొక దిక్కుగా ఉండి ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేసుకుంటాయి. తీవ్ర విద్యుత్ క్షేత్రంలో ఉంచితే అధికభాగం ఒకే దిక్కుకు మళ్లి, క్షేత్రం తొలగించినా చాలావరకు అలాగే నిలుస్తాయి. ఆ తరువాతనే ఒత్తిడికి విద్యుత్తు, విద్యుత్తుకు కంటికానని సాగుదల పుడతాయి. మితిమీరిన ఒత్తిడి గాని, బలమైన ఎదురు క్షేత్రం గాని తగిలితే ఆ వరుస చెదరుతుంది. వేడిమి ఒక హద్దు దాటితే పూర్తిగా నశిస్తుంది. బేరియం టైటానేట్‌కు అది దాదాపు 120 డిగ్రీల సెల్సియస్. 1895లో అయస్కాంతాలపై పియరీ చేసిన పరిశోధన కారణంగా ఆ హద్దును క్యూరీ ఉష్ణోగ్రత అంటారు.