విలియం రాక్స్‌బర్గు – రాలని రక్షకపత్రములు

వేసవిలో మన ఖమ్మము, భద్రాచలము అడవులలో తునికిపండ్లు ఏరి తినిన బాలబాలికలందరును, పండు మొదట అంటియుండు గట్టి ముచ్చికను చూచియే యుందురు. తిని పాఱవైచు ఆ ముచ్చికయే పూవుయొక్క రక్షకపత్రావళి. మొగ్గను కాచిన ఆ పత్రములు, ఆకర్షకపత్రములు రాలిపోయిన పిదపను తాము రాలక, కాయతోడనే పెరిగి నిలిచినవి. ఈ చెట్టును శాస్త్రరీత్యా వర్ణించి లోకమునకు తెలిపినవాడు విలియం రాక్స్‌బర్గు. దాని శాస్త్రనామము చివర నేటికిని ఆయన పేరే వ్రాయుదురు.

ఆయన 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరోలో చదివి, 1776లో మదరాసున ఈస్టిండియా కంపెనీవారి వైద్యోద్యోగమున ప్రవేశించెను. 1781లో సామర్లకోటకు వచ్చి, రోగులను చూచుచునే తోట వేసి మొక్కలను సేకరింపసాగెను. 1787లో గోదావరి సముద్రతీరమున గొప్ప ఉప్పెన వచ్చెను. ఆయన గ్రంథములు, వ్రాతలు, ఎండబెట్టి దాచిన మొక్కలు నీటిపాలయ్యెను. ఏండ్ల శ్రమ ఒక్కసారిగా నశించినను ఆయన స్వదేశమునకు మరలిపోక, పని మరల మొదటినుండి ప్రారంభించెను.

దేశీయ చిత్రకారులను కుదుర్చుకొని పూవులను భాగభాగముగా వ్రాయించెను. రక్షకపత్రములు ఆవపూవునకువలె విడివిడిగా నున్నవా, ఉమ్మెత్తకువలె కలిసి గొట్టమైనవా, బ్రహ్మదండికివలె పూవు విచ్చునప్పుడే రాలునా, వంగకువలె కాయను వదలక నిలుచునా యను భేదములే మొక్కల కుటుంబములను గుర్తించుటకు ఆధారములు. చెట్ల తెలుగుపేళ్లను గూడ ఆయన విచారించి వ్రాసికొనెను. కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చిన ఆయన గ్రంథము 300 చిత్రపటములతో, 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా లండనులో వెలువడెను.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియయ్యెను. అచ్చట శ్రీరామపురపు మిషనరీ విలియం కేరీతో స్నేహము కలిగి, కుంభిచెట్టు ప్రజాతికి ఆయన పేరే పెట్టెను. తునికిపండునకు అడుగున నుండు రక్షకపత్రములు కుంభికాయకు తలపై కిరీటమువలె నుండును. ఏలయన, ఆ పూవులో అండాశయము వానికి క్రిందుగా నుండును. టేకుపూవున నైతే అవి బుడగవలె ఉబ్బి కాయనంతయు కప్పివేయును.

ఆరోగ్యము చెడి రాక్స్‌బర్గు 1813లో ఈ దేశమును విడిచి, 1815లో ఎడింబరోలో మరణించెను. భారతదేశపు మొక్కలనుగూర్చి ఆయన వ్రాసిన మహాగ్రంథము అప్పటికి అచ్చుకాలేదు. మిత్రుడైన కేరీ దానిని 1820లో శ్రీరామపురమున అచ్చువేయ నారంభించెను. గ్రంథమంతయు 1832లో వెలువడెను. పూవు రాలినను ఫలము నిలిచెను. ఆయనకై 2,500కు పైగా చిత్రములు వ్రాసిన మన దేశపు చిత్రకారుల పేళ్లు మాత్రము చెట్ల పేళ్లతో నిలువలేదు. వారి చూపును, చేతి నేర్పును గూడ మనము స్మరింపవలెను.

బాలబాలికలారా! ఇకమీద తునికిముచ్చికను పాఱవేయుటకు ముందు ఒక్కసారి త్రిప్పి చూడుడు. దాని తమ్మెలెన్నియో లెక్కింపుడు. ఉప్పెన పిదప ఆయన మరల చేపట్టిన పని అట్టిదే.