చదరంగవీరుడు మీర్ సుల్తాన్ ఖాన్

చదరంగమున పాచిక లేదు, దాపరికము లేదు. ఇరుపక్షముల బలమంతయు కన్నులయెదుటనే యుండును. గెలుపునకు బుద్ధియే ఆధారము. కలిమిలేములు ఆ పలకపై చెల్లవని నిరూపించిన మేధావి మీర్ సుల్తాన్ ఖాన్.

ఆయన ఇరువదవ శతాబ్దారంభమున, నేడు పాకిస్తానులోనున్న మీఠా తివానా గ్రామమున జన్మించెను. బాల్యముననే తండ్రివద్ద దేశీయ చదరంగము నేర్చెను. అందు బంటు తొలి ఎత్తునకూడ ఒక్క గడియే నడచును. రాజును, ఏనుగును ఒకేసారి కదపు పద్ధతి లేదు. భూస్వామియగు ఉమర్ హయాత్ ఖాన్ ఆయనను చేరదీసి, పాశ్చాత్య నియమములు నేర్పించి, 1929లో లండనునకు గొనిపోయెను.

అచ్చటి ఆటగాండ్రు తొలియెత్తుల మర్మములను గ్రంథములలో చదివినవారు. సుల్తాన్ ఖానునకు ఆ అభ్యాసము స్వల్పము. అందుచే తరచు ఆరంభమున వెనుకబడి, నడుమ నిలద్రొక్కుకొని, తుదిని జయించెడివాడు. ఆ యేటనే బ్రిటిషు ఛాంపియనయ్యెను. 1932, 1933లలో మరల గెలిచెను. 1930–31 హేస్టింగ్సు పోటీలో పూర్వపు జగజ్జేత కాపాబ్లాంకాను ఓడించెను. మూడు ఒలింపియాడులలో ఇంగ్లండు పక్షమున మొదటి బల్లపై ఆడెను.

1933 తుదిని యజమానితో స్వదేశమునకు మరలెను. అంతటితో అంతర్జాతీయ క్రీడ ముగిసెను. 1966లో సర్గోధాలో దివంగతుడయ్యెను. జీవించియుండగా ప్రపంచ చదరంగ సమాఖ్య ఆయనకు బిరుదమేదియు నీయలేదు. 2024లో గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదము ప్రకటించెను.

గ్రంథాభ్యాసము కొరవడియు ఆ ప్రజ్ఞ అంతదూరము నడచెను. సకాలమున పుస్తకము తోడైనచో ఇంకెంత దూరము పోయెడిదో! పల్లెలో పుట్టిన ప్రజ్ఞకు ఆ కొరత రాకుండ జూచుటయే గ్రామ గ్రంథాలయమునకు పరమధర్మము.