కర్నలు కాలిన్ మెకంజీ

పగిలిన శిల్పమును మరల పూర్వమువలె చేయగలవారు లేరు. గ్రామవృద్ధుడు గతించినచో ఆతని యెరుకలోని చరిత్రయు నాతనితోనే పోవును. ఈ నష్టమును ముందుగా గుర్తించి, నశింపనున్న దానిని వ్రాయించియు గీయించియు భద్రపరచిన కార్యదక్షుడు కాలిన్ మెకంజీ.

ఇతడు స్కాట్లాండు దేశమునకు జేరిన లూయిస్ ద్వీపమునందలి స్టోర్నోవే పట్టణమున 1754వ సంవత్సర ప్రాంతమున జన్మించెను. అచ్చట కొంతకాలము సుంకపు కచ్చేరిలో నుద్యోగము చేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువునకై చెన్నపట్టణము చేరెను. 1799లో శ్రీరంగపట్టణము కంపెనీవారి వశమైన పిమ్మట, మైసూరు దేశమును సర్వే చేయు భారము ఇతనిపై బడెను. ఆ పని రమారమి పదేండ్లు సాగెను.

కంపెనీవారికి ముఖ్యముగా కావలసినవి పటములును భూవివరములును. మెకంజీ వానితో తృప్తి నొందక, శాసనములను, తాళపత్రగ్రంథములను, నాణెములను, గ్రామకైఫీయతులను గూడ సేకరింప బూనెను. దానికై తన సొంత ధనమును విశేషముగా వెచ్చించెను.

అయితే ఆతనికి దేశభాషలు రావు. ఆ కొరత దీర్చినవారు ఏలూరికి చెందిన కావలి సోదరులు. అగ్రజుడగు వెంకట బొర్రయ్య పండితులతో మైత్రి నెరపి, ప్రాచీన శాసనముల లిపిని చదివి, ఈ కార్యమునకు దారి చూపెను. ఆతడు 1803లో యౌవనముననే మరణింపగా, తమ్ముడు వెంకట లక్ష్మయ్య ఆ భారమును వహించెను. జైనపండితుడు ధర్మయ్య మొదలగువారును తోడ్పడిరి. వీరు ఊరూర తిరిగి, కరణముల కవిలెలు చూచి, పెద్దల మాటలు వ్రాసికొని, తమ పనిని లేఖల మూలమున తెలుపుచుండిరి. ఇది క్రొత్త పన్నులకై జరుగు విచారణయేమోయని కొన్ని తావుల ప్రజలు శంకించిరి. ఓర్పుతో ఆ శంకను బాపుటయు వీరి పనిలో నొక భాగమయ్యెను.

ఈ శ్రమ యొక్క విలువ అమరావతియందు స్పష్టముగా గానవచ్చును. పదునెనిమిదవ శతాబ్ది తుదిని వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అచ్చట నూతన పట్టణమును గట్టించుచుండగా, స్తూపపు దిబ్బలోని రాళ్లను త్రవ్వి గృహములకు గొనిపోవుచుండిరి. మెకంజీ అప్పుడొకసారి యా దిబ్బను దర్శించెను. 1816లో మరల వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడియుండెను. పోయిన రాళ్లను తెచ్చుట యాతని తరము గాదు. కావున మిగిలినవానిని కొలిపించి, చిత్రకారులచే శ్రద్ధతో గీయించెను. ఆ శిలలలో గొన్ని తరువాత కనుమరుగయ్యెను. వాని రూపము నేడు ఆ చిత్రములయందే కలదు.

1815లో మెకంజీ భారతదేశమునకంతకును మొదటి సర్వేయరు జనరలుగా నియుక్తుడయ్యెను. పిమ్మట కలకత్తాకు బోయి, 1821 మే 8వ తేదిన మరణించెను. ఆతని సేకరణమును భార్యయొద్ద నుండి కంపెనీవారు లక్ష రూపాయలకు గొనిరి. 1828లో విల్సను పండితుడు ప్రకటించిన పట్టికయందు 1,568 గ్రంథములు, 8,076 శాసనములు, 6,218 నాణెములు లెక్కకు వచ్చినవి. తరువాత సి. పి. బ్రౌను శిథిలమగుచున్న తెలుగు కైఫీయతులకు ప్రతులు వ్రాయించెను. నేటికిని మన గ్రామచరిత్రలు వ్రాయువారికి అవి యాధారములు.

లక్ష్మయ్యకు మాత్రము తగిన న్యాయము జరుగలేదు. మెకంజీ యనంతరము ఆ పనిని కొనసాగింతునని ఆతడు కోరగా, పెద్దలు సమ్మతింపరైరి. ఇరువదేండ్లకు పైగా ఆ పని నెరిగినవానికంటె తగినవా డెవ్వడు?

తనకు రాని విద్యను వచ్చినవారి నడిగి, వారిని నమ్మి పని యప్పగించుటయే మెకంజీ విజయమునకు మూలము. కావున ఆతని పేరు తలచునప్పుడెల్ల, ఎండలో ఊరూర నడచిన ఆ తెలుగు సోదరులను గూడ తలచుట మనకు ధర్మము.