తనకు తానే గురువైన భండారు అచ్చమాంబ

బడియు, పుస్తకములును, ఉపాధ్యాయులును గల మనము, ఇవి యేవియు లేకయే విద్యావతియైన యొక స్త్రీ చరిత్రమును తెలిసికొనుట మేలు. ఆమె మన ప్రాంతపు ఆడుబిడ్డయే.

మున్నేటి యొడ్డున నున్న పెనుగంచిప్రోలు ఆ దినములలో కృష్ణామండలములోనిది, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నది. అచ్చట 1874 వ సంవత్సరమున కొమర్రాజు వెంకటప్పయ్య, గంగమ్మ దంపతులకు అచ్చమాంబ జన్మించెను. ఆమెకు ఆరేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. పదియవ యేట భండారు మాధవరావుగారితో వివాహము జరిగెను. అప్పటికి ఆమెకు అక్షరములు రావు. ఆడపిల్లకు చదువెందులకని లోకము తలంచు కాలమది. బాల్యమందే వివాహమైన బాలిక విద్య అంతటితో ముగిసినదనియే యెవరైనను భావింతురు. ఆమె విషయమున అది ఆరంభమయ్యెను.

మాధవరావుగారు మధ్యపరగణాలలో ఉద్యోగము చేయుచుండిరి. తల్లియు, మూడేండ్లు చిన్నవాడైన తమ్ముడు లక్ష్మణరావును ఆమెతోకూడ నుండిరి. తమ్ముడు పాఠములు చదువుకొనునప్పుడు అక్క చెంత కూర్చుండి తానును నేర్చుకొనెను. ఈ విధముగా తెలుగు, హిందీ ఆమెకు పట్టువడెను. పిమ్మట తమ్ముడు పై చదువులకు నాగపురమునకు వెళ్లెను. ప్రక్కనుండి చెప్పువాడు దూరమైనను ఆమె చదువు ఆగలేదు. ఇంటిపనులు చక్కబెట్టుకొనుచునే మరాఠీ, బెంగాలీ, గుజరాతీ, సంస్కృతము, ఇంగ్లీషు భాషలందును ప్రవేశము సంపాదించెను. ఆమెకు పరీక్షలు లేవు. మార్కులు వేయువారును, బెత్తము పట్టి భయపెట్టువారును లేరు. నేర్వవలెనను కోరిక ఆమెది. నేర్చుకొను భారమును ఆమెదే.

ఇన్ని భాషలు నేర్చి ఆమె యేమి చేసెను? స్త్రీలు సహజముగా బలహీనలనియు, తెలివి తక్కువవారనియు, చదివినచో చెడిపోవుదురనియు అనేకులు చెప్పుచుండిరి. ఆ మాటను ఆమె ఊరక నమ్మలేదు. ఊరక కోపగించుకొనను లేదు. అది నిజమో కాదో చరిత్రయందు వెదకి చూచెను. అనేక గ్రంథములనుండి విషయములు సేకరించి, దాదాపు వేయి సంవత్సరముల కాలములో ఈ దేశమున ప్రసిద్ధికెక్కిన స్త్రీల జీవితములను "అబలా సచ్చరిత్ర రత్నమాల" యను పేర రచించెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు దానిని 1901 లో ప్రకటించిరి. వేద పురాణ కాలములనాటి స్త్రీలను గూర్చి యొక భాగమును, విదేశ స్త్రీలను గూర్చి మరియొక భాగమును వ్రాయవలెనని ఆమె సంకల్పము. మొదటి భాగము మాత్రమే ఆమె పూర్తిచేయగలిగెను.

సంపాదించిన విద్యను ఆమె తనకే దాచుకొనలేదు. 1902 లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలసి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించెను. ఆ యేడే ఆమె వ్రాసిన "ధనత్రయోదశి" కథ వెలువడెను. కన్న బిడ్డలు దక్కక పోయినను, ఆ దుఃఖమునందే మునిగియుండక, అనాథ బాలలను చేరదీసి చదివించెను. 1905 లో, ముప్పదియేండ్ల వయసుననే ఆమె పరమపదించెను. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906 లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, తెలుగున శాస్త్ర, చరిత్ర గ్రంథములను వెలువరించిరి. ఒకే దీపము చెంత చదివిన అక్కాతమ్ములు ఇరువురును తెలుగువారికి వెలుగైరి.

బాలబాలికలారా! పాఠము చెప్పుట ఉపాధ్యాయుని పని; దానిని తనదిగా చేసికొనుట విద్యార్థి పని. రెండవ పనిని ఒకరికై మరియొకరు చేయజాలరు. నేటి పాఠము ముగిసిన పిమ్మట పుస్తకము మూసి, తెలిసినదానిని మీ మాటలలో వ్రాసి చూడుడు. తెలియని చోట ప్రశ్న వేసికొనుడు. జవాబు కొరకు గ్రంథాలయమునకు పోవుడు. పిమ్మట ఉపాధ్యాయుని అడుగుడు.

తల్లిదండ్రులకును, తోడి ఉపాధ్యాయులకును ఒక మనవి. చెంత కూర్చుండనిచ్చిన చిన్న తమ్ముని వలన అచ్చమాంబకు అక్షరము దొరికెను. పిల్ల వేసిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పి ముగింపక, వెదకుటకు కొంత వ్యవధి నిచ్చి, త్రోవ చూపి ప్రక్కన నిలిచినచో, మన ఇండ్లలోను, మన తరగతులలోను ఇట్టివారు మరికొందరు తయారగుదురు.