నీటిలోని విషాన్ని ఎరుకపరచిన రాచెల్ కార్సన్

జీవకణము ఒక చిన్న కర్మాగారము వంటిది. అందులో అహోరాత్రములు శ్రమించే పనివాండ్రు ఎంజైములు. ఆ పనివాండ్ర చేతులు కట్టివేసే విషాలను మానవుడే నేలపైన, నీటిలోను కలుపుతున్నాడని సామాన్యులకు బోధపరచిన విదుషీమణి రాచెల్ కార్సన్.

ఈమె 1907 మే 27న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊరిలో జన్మించింది. సాహిత్యాభిలాషతో కళాశాలలో చేరి, జీవశాస్త్రం వైపు మరలింది. 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రమున ఎం.ఏ. పట్టం పొందింది. పేదరికం వలన డాక్టరేటు ఆశ వదలుకొనవలసి వచ్చింది. 1935లో తండ్రి మరణించగా కుటుంబభారం ఆమెపై పడింది. మరుసటి సంవత్సరం ప్రభుత్వ మత్స్యశాఖలో ఉద్యోగం లభించింది. 1951లో ప్రకటించిన సముద్ర గ్రంథం ఆమెకు విశేషఖ్యాతి తెచ్చిపెట్టింది.

1962లో వెలువడిన ‘సైలెంట్ స్ప్రింగ్’ ఆమె జీవితానికి శిఖరం. నాడి నుండి కండరానికి వార్త చేర్చే ఎసిటైల్‌కోలిన్‌ను, పని ముగియగానే కోలినెస్టరేజ్ అనే ఎంజైము విడగొడుతుంది. పారాథియాన్ వంటి క్రిమిసంహారకాలు ఆ ఎంజైమును స్తంభింపజేస్తాయి. అప్పుడు వార్త ఆగదు. కండరాలు వణికి, తుదకు ఊపిరి నిలిచిపోతుంది. ఇంతటి క్లిష్టవిషయాన్ని ఆమె సామాన్య పాఠకునికి సులభంగా వివరించింది.

విషం నీటిలో పలుచనైతే ప్రమాదం లేదనే భ్రమను కూడా ఆమె తొలగించింది. కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ సరస్సులో దోమను పోలిన కీటకాలను చంపడానికి 1949లో డి.డి.డి. అనే మందు కలిపారు. ఏడు కోట్ల పాళ్ళ నీటికి ఒక పాలు మాత్రమే! అయినను అది సూక్ష్మజీవుల నుండి చేపలకు, చేపల నుండి పక్షులకు చేరుతూ పేరుకొన్నది. మరల మరల మందు కలిపిన పిదప పక్షులు వందలుగా చనిపోయాయి.

రసాయన పరిశ్రమలవారు ఆమెపై విరుచుకుపడ్డారు. అప్పటికే క్యాన్సరు ఆమెను క్రుంగదీస్తున్నది. ఆ సంగతి లోకానికి తెలియనీయక, 1963లో సెనేటు ఉపసంఘం ముందు సాక్ష్యమిచ్చింది. అదే సంవత్సరం అధ్యక్షుని శాస్త్ర సలహాసంఘం ఆమె వాదాన్ని చాలవరకు సమర్థించింది. 1964 ఏప్రిల్ 14న, 56వ ఏట ఆమె కన్నుమూసింది. 1972లో అమెరికా డి.డి.టి. వినియోగాన్ని దాదాపుగా నిషేధించింది. అది చూచే భాగ్యం ఆమెకు కలుగలేదు.

విద్యార్థులారా! శాస్త్రం వేరు, సాహిత్యం వేరు అని తలచకండి. తెలిసిన సత్యాన్ని పదిమందికి అర్థమయ్యే భాషలో, నిర్భయంగా చెప్పడమే విద్యకు సార్థకత.