కవికోకిల గుఱ్ఱము జాషువగారి జీవితము

ప్రతివర్షమును మన మహాసభా సంచికయందు కులమునకు వన్నె దెచ్చిన పెద్దల చరిత్రములను బ్రకటించుట ఆచారమై యున్నది. ఈ వర్షము జాషువగారి చరిత్రమును వ్రాయవలసినదిగా కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము గోరిరి. వారి యాజ్ఞను శిరసావహించితిమి గాని, కలము చేతబట్టినంతనే యొక సంశయము మమ్ము బాధించినది. కులమను మాట వినినంతనే మండిపడిన మహాకవిని కులసంఘపు సంచికలో గూర్చుండబెట్టుట న్యాయమేనా? ఈ ప్రశ్నను దాచిపెట్టక చదువరుల యెదుట నుంచి కథలోనికి బోవుచున్నాము.

జాషువగారు 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని, నేడు పల్నాడు జిల్లాలో జేరిన వినుకొండయందు జన్మించిరి. తండ్రి వీరయ్యగారు యాదవులు. తల్లి లింగమాంబగారు అరుంధతీయులు. కుటుంబము క్రైస్తవమతము నవలంబించినది. ఇందువలన బాలునకు కష్టము ఇరుదెసల నుండియు వచ్చినది. హిందువులు అస్పృశ్యుడని దూరముగా నిలిపిరి. హిందూ పురాణములను కావ్యములను చదువుచున్నాడని క్రైస్తవ సంఘమువారు ఆ కుటుంబమును వెలివేసిరి. ఏ గుమ్మము త్రొక్కినను వాకిటనే నిలువవలసిన యా యువకునకు కాళిదాసుని మేఘసందేశమును, రఘువంశమును, కుమారసంభవమును పాఠము చెప్పినవారు జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు. ఆ కాలమున ఒక బ్రాహ్మణపండితుడు ఇట్టి శిష్యుని జేరదీయుట సామాన్యసాహసము కాదు. ఆ శాస్త్రిగారి పేరును మనవారు మఱవరాదు.

వినుకొండలోనే కొప్పరపు సోదరకవుల అవధానసభ జరిగినది. యువకుడైన జాషువగారు ఆ సభలో పద్యములు చదివిరి. అంటరానివానిని సభలోనికి రానిచ్చినవారెవరని కొందఱు కేకలు వేసిరి. అవధానము చేసిన సోదరకవులే ఆయన నోదార్చిరి. కేకలు వేసినవారి పేర్లు నేడెవరికిని దెలియవు.

జీవనోపాధికై ఆయన పడిన పాట్లు పెక్కులు. 1910లో మేరీగారిని వివాహమాడి, మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతముపై ఉపాధ్యాయులైరి. ఆ కొలువు పోయినది. 1915-16 సంవత్సరములలో రాజమహేంద్రవరమున మూగసినిమాలకు ప్రక్కన నిలిచి కథను సంభాషణలను చదివి వినిపించు పని చేసిరి. పిదప గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున బనిచేసి, ఉభయభాషాప్రవీణులై, 1928 మొదలు 1942 వఱకు జిల్లాబోర్డు పాఠశాలలలో తెలుగు పండితులుగా నుండిరి. ఈ పండితోద్యోగకాలముననే ఆయన ప్రసిద్ధకావ్యములు పుట్టినవి.

1932లో వెలువడిన ఫిరదౌసి, పద్యమునకొక బంగారునాణెమని మాట యిచ్చి తప్పిన రాజుచేత మోసపోయిన పారసీకకవి కథ. 1941లో గబ్బిలము వెలువడినది. ఆకలిగొన్న అరుంధతీసుతుడొకడు, తాను గుడి గడప త్రొక్కరాదు గనుక, గర్భాలయమున స్వేచ్ఛగా వ్రేలాడు గబ్బిలముతో శివునకు సందేశము పంపును. కాళిదాసుని యక్షుడు ప్రియురాలికొఱకు మేఘమును వేడినాడు. ఈతడు పక్షులలో వెలియైన ప్రాణిని వేడినాడు. ఇచ్చట చదువరులు ఒక సంగతి గమనింపవలెను. లోకమున బిడ్డకు తండ్రికులమే చెప్పుట వాడుక. ఆ వాడుకను బట్టి జాషువగారు యాదవుడనని చెప్పుకొని కొంత యవమానమును తప్పించుకొనవచ్చును. అట్లు చేయక, తన కావ్యనాయకునికి తల్లికులమునే యిచ్చిరి. పైని మేముంచిన ప్రశ్నకు మాకు దోచిన సమాధానమిది: ఆయన కులమును మన్నింపలేదు, కులముచే నలిగిన తల్లివారిని విడువలేదు. ఈ రెండును వేఱువేఱని గ్రహించినవారికి ఈ సంచికలో ఆయన యుండుట తప్పుగా దోపదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున జాషువగారు యుద్ధప్రచారకులుగా బనిచేసిరి. యుద్ధము 1945లో ముగిసినది. గబ్బిలము రెండవభాగము 1946లో వెలువడినది. అటుపై దేశమున మార్పులు వరదవలె వచ్చినవి. 1947లో చెన్నరాజధానియందు దేవాలయప్రవేశ చట్టము వచ్చినది. ఆగస్టున స్వాతంత్ర్యము సిద్ధించినది. 1950లో రాజ్యాంగముయొక్క 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. 1955లో దానిని శిక్షార్హముగా జేయు చట్టము వచ్చినది. గబ్బిలమునకు మాత్రమే తెఱచియున్న గుడితలుపు, కాగితముపైనైనను, మనకు దెఱువబడినది. కాగితముపై నని యేల యనుచున్నాము? ఊరిబావి యొద్దను, కాఫీహోటలులో వేఱుగా బెట్టిన గ్లాసు నొద్దను చట్టము చాలకాలము చేరలేదు. జాషువగారు కన్నుమూసిన పదునాలుగేండ్లకు, 1985లో, కారంచేడులో మనవారి నెత్తురు పారినది.

1950లోనే వచ్చిన మఱియొక యుత్తరువును గూడ ఇచ్చట చెప్పక తప్పదు. షెడ్యూల్డుకులముల గుర్తింపును రాష్ట్రపతి హిందువులకే పరిమితము చేసిరి. పంజాబుప్రాంతపు కొన్ని సిక్కుకులములకు మాత్రము అందులో మినహాయింపు గలదు. 1956లో సిక్కులందఱకును, 1990లో బౌద్ధులకును అది విస్తరించినది గాని, సిలువను నమ్మినవారికి విస్తరింపలేదు. ఒక్క తల్లికడుపున బుట్టిన అన్నదమ్ములలో గుడికి బోవువానికి విద్యార్థివేతనమును, చర్చికి బోవువానికి రిక్తహస్తమును. అవమానించునపుడు ఊరివారు మతము నడుగలేదు. జాషువగారి చిన్ననాటి యిరుదెసల వెలి ఈ విధముగా మఱియొక రూపమున నిలిచినది.

భాషాలోకమునను కాలము మాఱినది. 1943లో తెనాలియందు అభ్యుదయ రచయితల సంఘము ప్రథమ మహాసభ జరిగినది మొదలు యువకవులు వృత్తములను విడిచిపెట్టసాగిరి. జాషువగారు విడువలేదు. పాతకాలపువాడని కొందఱు పెదవి విఱిచిరి. మా యభిప్రాయము వేఱు. తరతరములుగా తమ యింట నున్న సొత్తును పాఱవేయుట ఒకరికి విప్లవము కావచ్చును. తరతరములుగా తనకు నిషేధింపబడిన సొత్తును గెలిచి తెచ్చుకొన్నవానికి దానిని పాఱవేయవలసిన యగత్య మేమి? తిరుపతి వేంకటకవులలో నొకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, కవిలోకమునకు గురువై, వృద్ధులై యుండి, జాషువగారి పాదమునకు స్వహస్తముతో గండపెండేరము తొడిగిరి. వినుకొండసభలో కేకలకును ఈ పెండేరమునకును నడుమ నడచిన దూరము పద్యముతోనే నడచినది.

పుస్తకము చేరని చోటికి నాటకము చేరినది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర నాటకమున శ్మశానఘట్టము వచ్చునప్పటికి నటులు జాషువగారి పద్యములను జేర్చి పాడుట ఆచారమైనది. తిరునాళ్లలో, తెల్లవాఱు జామున, కంబళిపై గూర్చున్న రైతులు వన్సుమోరనుచు అడిగి మఱల మఱల పాడించుకొనిరి. ఆ పద్యములను వ్రాసినవాడు తమ యూరికి వచ్చిన నీళ్లెవరు పోయుదురని వారిలో నెవరును తలపోయలేదు. వ్రాసినవారి పేరెఱుగకయే తలయూచినవారు వేలకొలది.

1957 మొదలు 1959 వఱకు జాషువగారు మదరాసు రేడియోకేంద్రమున కార్యక్రమప్రయోక్తలుగా నుండిరి. 1958లో వెలువడిన క్రీస్తుచరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. బాల్యమున పురాణములు చదివెనని వెలివేయబడినవాడు వార్ధక్యమున క్రీస్తుకథకే దేశపు మెప్పు వడయుట విధివైచిత్ర్యము. ఆ సంవత్సరమే రాష్ట్ర శాసనమండలి సభ్యులైరి. 1970లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమును, భారతప్రభుత్వము పద్మభూషణమును ఇచ్చినవి.

ఈ బిరుదములకన్న పెద్దదిగా మేమెంచు సంగతి ఆయన యింట జరిగినది. కుమార్తె హేమలతగారు 1960లో లవణంగారిని వివాహమాడిరి. ఆయన నాస్తికోద్యమ నాయకులైన గోరాగారి కుమారుడు; గోరాగారు పుట్టుకచే బ్రాహ్మణులు. పద్యములలో కులమును గర్హించి, ఇంటికి వచ్చుసరికి కులముననే సంబంధములు వెదకు పెద్దలను మన సంఘములోనే యెందఱినో చూచితిమి. నొచ్చుకొనువారు నొచ్చుకొందురు గాక. హేమలతగారు భర్తతో గూడి స్టువర్టుపురమున దొంగలని ముద్రపడిన వారి సంస్కరణమునకును, నిజామాబాదు ప్రాంతమున జోగినీదురాచార నిర్మూలనమునకును పాటుపడి, 2008లో దివంగతులైరి.

జాషువగారు 1971వ సంవత్సరము జూలై 24వ తేదీని గుంటూరులో పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు డెబ్బదియైదు సంవత్సరములు.