బియాట్రిక్సు పాటరు - గ్లాస్టరు దర్జీ కథ

ఆంగ్ల బాలవాఙ్మయమున బియాట్రిక్సు పాటరు పేరు సుప్రసిద్ధము. నీలికోటు తొడిగిన కుందేలు కథ వ్రాసిన యామె యనినచో పిల్లలు వెంటనే గుర్తింతురు. కాని తన పుస్తకములలో ఆమెకు మిక్కిలి ప్రియమైనది ఆ కుందేలు కథ కాదు. 1903 వ సంవత్సరమున వెలువడిన గ్లాస్టరు దర్జీ యను చిన్న బొమ్మల పుస్తకము. ఔదార్యమన నెట్టిదో పసివారి కెఱిగించుటకు అంతకంటె మంచి పుస్తకమును నే నెఱుగను.

ఆమె 1866 వ సంవత్సరము జూలై 28 వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి బారిష్టరు. తాతలు లాంకషైరులో నూలుబట్టల వ్యాపారమున ధన మార్జించినవారు. ఆ యింట ధనమునకు కొదువ లేదు, తోడునకే కొదువ. ఆమెను బడికి పంపక యింటనే ఉపాధ్యాయినులచే చదువు చెప్పించిరి. తమ్ముడు దూరపు పాఠశాలకు పోయిన పిమ్మట కుందేళ్లును, చిట్టెలుకలును ఆమెకు నేస్తములయ్యెను. వానిని గంటలకొలది చూచి చిత్రించుచుండెడిది. కుక్కగొడుగులను గూర్చి శ్రద్ధతో పరిశోధించి యొక వ్యాసమును గూడ వ్రాసెను. 1897 లో అది లండనులోని లిన్నేయను సంఘమున సమర్పింపబడెను గాని, స్త్రీల కా సభలో ప్రవేశము లేనందున వేఱొకరు దానిని కొనిపోవలసి వచ్చెను.

ఆమె కడపటి ఉపాధ్యాయినికి వివాహమై బిడ్డలు కలిగిరి. వారిలో నోయెలు అను నైదేండ్ల బాలుడు జబ్బుపడగా, 1893 లో అతనికి బొమ్మలతో నొక ఉత్తరము వ్రాసి పంపెను. కుందేలు కథ పుట్టిన దట్లు. పలువురు ప్రకాశకులు దానిని నిరాకరింపగా 1901 లో సొంత వ్యయముతో 250 ప్రతులు అచ్చొత్తించుకొనెను. మఱుసటి యేట వార్ను కంపెనీవారు రంగులబొమ్మలతో దానిని వెలువరించిరి. నోయెలు చెల్లెలు ఫ్రీడాయు అస్వస్థురాలై యుండగా, 1901 వ సంవత్సరపు క్రిస్మసు కానుకగా దర్జీ కథను చేతితో వ్రాసి, బొమ్మలు చిత్రించి యిచ్చెను.

ఈ కథకు మూలమొక యథార్థ వృత్తాంతము. గ్లాస్టరు పట్టణమున ప్రిచర్డు అను దర్జీ యుండెడివాడు. మేయరుకై కుట్టవలసిన వేస్టుకోటును ముగింపకయే శనివారమున దుకాణము మూసి పోయెను. సోమవారమున వచ్చి చూడగా ఒక్క కాజా తప్ప తక్కినదంతయు సిద్ధమై యుండెను. దారము చాలలేదని తెలుపు చీటి యొకటి గ్రుచ్చబడి యుండెను. నిజమునకు ఆ పని రహస్యముగా చేసినవా రాతని సహాయకు లిరువురు.

పాటరు దీనిని పూర్వకాలమునకు మార్చెను. ఆమె దర్జీ ముదుసలి, నిరుపేద. మేయరు పెండ్లి క్రిస్మసు ఉదయమున జరుగవలెను. దర్జీ చేత మిగిలినవి నాలుగు పెన్నీలు. వానితో రొట్టె, పాలు, మాంసపు వంటకము, కాజాలకు వలయు పట్టుదారము తెమ్మని సింప్కిను అను పిల్లిని పంపెను. పిల్లి లేనివేళ, అలమారలో బోర్లించిన గిన్నెల క్రిందనుండి టకటక శబ్దము వినవచ్చెను. పిల్లి తన రాత్రి భోజనమునకై చిట్టెలుకలను అచట మూసి యుంచెను! దర్జీ ఒక్కొక్క గిన్నెయే యెత్తి వానిని విడిచిపుచ్చెను. పిల్లి సొత్తును విడుచుట న్యాయమేనా యని పాప మాతడు సందేహించెను గూడ. పిల్లి కోపించి దారమును టీ కూజాలో దాచెను. దర్జీ జ్వరమున పడెను. రాత్రులందు చిట్టెలుకలు దుకాణమున చేరి కోటంతయు కుట్టి, దారము చాలక ఒక్క కాజాను విడిచెను.

ఉపకారమునకు ప్రత్యుపకారము లభించినచో అది బేరమే కదా యని కొందఱందురు. నే నంగీకరింపను. గిన్నె లెత్తినపు డాతనికి ఏ ప్రతిఫలము తోచెను? పైగా కథలో కష్టతరమైన దానము పిల్లిది. ఎలుకల పని చూచి సిగ్గుపడి, దాచిన దారమును తెచ్చి దర్జీ దుప్పటిపై నుంచెను. చిన్న తరగతులలో ఈ కథ చెప్పినపుడెల్ల పిల్లలు మరల చెప్పుమని కోరునది దర్జీకి కలిగిన భాగ్యమును కాదు, ఆ గిన్నెల సంగతిని, పిల్లి పశ్చాత్తాపమును. బొమ్మల నిజాయితీయు గొప్పది: కోటు కుట్లను, అల్లికను లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలయందలి పాత వస్త్రములను చూచియే ఆమె చిత్రించెను.

1905 లో ప్రకాశకుల కుటుంబమువాడగు నార్మను వార్నుతో ఆమె వివాహము నిశ్చయమయ్యెను. వ్యాపారి యని తల్లిదండ్రులు ఒప్పుకొనలేదు. నెల గడచులోపలనే ఆతడు మరణించెను. ఆ యేడే ఆమె ఇంగ్లండు వాయవ్యమున సరస్సుల సీమలో హిల్‌టాపు అను పొలము కొనెను. 1913 లో విలియం హీలిసు అను న్యాయవాదిని వివాహమాడి అచటనే స్థిరపడెను. పుస్తకములవలన వచ్చిన ధనముతో పొలము వెంట పొలము కొనుచు, హెర్డ్‌విక్కు అను కొండజాతి గొఱ్ఱెలను పెంచెను.

ఆమె మెత్తని మనిషి యని తలపరాదు. బేరమున గట్టిది. 1930 లో సుమారు 4,000 ఎకరముల భూమిని కొని, అందు సగమును, భూములను ప్రజలకై కాపాడు నేషనల్ ట్రస్టునకు ఉచితముగా కాక కొన్నవెలకే ఇచ్చెను. అయినను 1927 లో విండర్మియరు సరస్సుతీరమున ఇండ్లు లేవకుండుటకై ఏబది చిత్రములను తన చేతితో గీసి అమెరికాలో విక్రయింపించెను.

1943 డిసెంబరు 22 వ తేదీన, క్రిస్మసునకు మూడు దినములు ముందు, ఆమె కన్నుమూసెను. 4,000 ఎకరములకు పైగా భూమిని మరణశాసనమున ఆ సంస్థకే వ్రాసి యుంచెను. కొండపొలములలోని మందలు హెర్డ్‌విక్కు జాతివిగనే యుండవలెనను నియమమును గూడ అందు చేర్చెను.